మూలల పుట్టింది

విత్తనపు అల్లం దాచిన గుంత మూత తీసే రోజున నీలమ్మ కంటే ముందు ఎవరూ అందులో చెయ్యి పెట్టరు. ఆమె మీద గౌరవం కొద్దీ కాదు, వేరే దారి లేక. ఎండిపోయిన పేడపూత పగలగొట్టి, చెక్కలు పక్కకు జరిపి, వేపాకు పొర ఎత్తగానే లోపలి నుంచి వచ్చే వాసనను బట్టి ఆమె విత్తనం సంగతి చెప్పేస్తుంది. ఎంత కుళ్ళిందో, ఎంత నిలిచిందో ఆమె నోటి నుంచి రావాల్సిందే. మామ రేవణసిద్ధప్పకు డెబ్బై రెండేళ్ళున్నాయి, మెలితిరిగిన మీసాలున్నాయి, జహీరాబాద్ శివారులో ఆరెకరాల అల్లం భూమి ఉంది. ఆ ముక్కు మాత్రం లేదు.

"కుడిదిక్కు జర మెత్తవడ్డది అత్తా. ఎడమదిక్కు మంచిగున్నది," అంది నీలమ్మ గుంత అంచున మోకాళ్ళ మీద వంగి. అత్త మహాదేవమ్మ గంప అందించింది. ఆ మాట వాకిట్లో ఉన్న రేవణసిద్ధప్పకు మహాదేవమ్మే మోసుకెళ్ళి చెప్పి వచ్చింది. కోడలు నేరుగా మామతో మాట్లాడకూడదు. మాట్లాడటం అటుంచి, పొద్దున పూట ఎదురు పడనే కూడదు.

చింత నీడలో గోనె పరిచి, నీలమ్మ ఒక్కొక్క అల్లం కొమ్మును చేతిలోకి తీసుకుని బొటనవేలితో నొక్కి చూస్తోంది. గట్టిగా ఉంటే కత్తి. మెత్తగా ఉంటే అవతలికి విసరడమే. ముక్కకు ఒక కన్ను తప్పనిసరి, రెండుంటే మేలు. పచ్చగా ఉబ్బి, చిన్నపిల్ల పంటి చిగురులా తేలిన ఆ కన్ను కత్తి మొనకు తగలకుండా కోయాలి. కన్ను తెగిన ముక్క ఎన్ని నీళ్ళు పెట్టినా మొలవదు. సాయంత్రానికి పదకొండు గంపలు నిండాయి. పేడనీళ్ళలో ముంచి, గోనె మీద ఆరబెట్టి, తడిబట్ట కప్పింది. బేస్తవారం పొద్దున విత్తడం. కృత్తిక కార్తె దాటి రోహిణి ఎండలు రాకముందే విత్తనం భూమిలో పడాలి.

ఇంత చేసినా బేస్తవారం పొద్దున మొదటి ముక్క మడిలో పడేదాకా నీలమ్మ పశువుల కొట్టంలో నిలబడాలి. పద్దెనిమిదేళ్ళుగా ఇదే తంతు. ఆమె పెళ్ళి భోజనాల్లో, పుట్టింటి తరఫున మొగుడంపల్లి నుంచి వచ్చిన మంత్రసాని సంగమ్మ వడ్డిస్తూ అందరూ వినేలా, "మా నీలమ్మ మూలల పుట్టింది," అంది. మెడలో తాళి అప్పటికే పడింది. మూలా నక్షత్రపు కోడలు మామను మింగుతుందని ఎవరో రేవణసిద్ధప్ప చెవిలో ఊదారు. సరిగ్గా పదిహేను రోజులకు రోడ్డు మీద లారీ హారన్ కొడితే ఎద్దులు బెదిరి, రేవణసిద్ధప్ప బండి మీద నుంచి పడి కాలు విరిగింది. కొట్టింది లారీవాడు, బెదిరింది ఎద్దు, పేరు వచ్చింది నీలమ్మకు. కాలు అతుక్కుంది గానీ ఆ పేరు మాత్రం ఊడలేదు.

ఈసారి అది చాలదన్నట్టు ఇంట్లోకి ఇంకో మూల వచ్చింది.

మరిది బసవరాజు భార్య మనోరమ సోమవారం పొద్దుగూకే వేళ ఆడపిల్లను కన్నది. మనోరమకు తల్లి లేదు గనక కాన్పు అత్తగారింట్లోనే జరిగింది. పురుడు పోయడానికి మళ్ళీ ఆ సంగమ్మనే పిలిపించారు. ముసలిదైనా ఆమె చేతికి ఇంకా వణుకు రాలేదు. రోడ్డు మీద హుమ్నాబాద్ బస్సు పోయిన వేళకే పిల్ల ఏడ్చింది. ఆ వేళ పట్టుకుని బసవరాజు మంగళవారం సైకిలు మీద జహీరాబాద్ పోయి, పంచాంగం చూసే విరూపాక్ష స్వామిని అడిగాడు. తిరిగి వచ్చాక సైకిలుకు స్టాండు కూడా వేయకుండా గోడకు వదిలేసి అరుగు మీద కూలబడ్డాడు. పుట్టిన కూతురి మొహం అప్పటికింకా చూడలేదు. అడిగి వచ్చాక చూస్తానని ఆగినవాడు, ఇక చూడకూడదని తెలుసుకుని వచ్చాడు.

బుధవారం స్వామి స్వయంగా వచ్చాడు. అరుగు మీద చాప, చాప మీద స్వామి, స్వామి ఒడిలో పంచాంగం. రేవణసిద్ధప్ప స్తంభానికి ఆనుకున్నాడు. నీలమ్మ తలుపు చాటున మిగిలిన అల్లం కోస్తూ కూర్చుంది.

"మూల ఒకటో పాదం. తండ్రికి గండం," అన్నాడు స్వామి వేలు గీతల మీద జరుపుతూ.

"స్వామీ, మూన్నెల్ల కింద ఎనిమిది గ్రహాలు ఒక్కకాడ కూడినయి, దునియా మునుగుతదని మీరే అంటిరి గద," అన్నాడు బసవరాజు మెల్లగా. "ఏం కాకపాయె."

"మనం జపాలు చేసినం గనక ఆగింది."

దానికి ఎదురు చెప్పడం ఎవరి తరం? మునిగితే స్వామి మాట నిజం, మునగకపోతే స్వామి జపం నిజం.

"మూల అంటే గంత చెడ్డదా స్వామీ?"

"ఒక్కో నక్షత్రానికి ఒక గుర్తు ఉంటది బసవరాజూ. అశ్వినికి గుర్రం మొగం. రోహిణికి బండి. మృగశిరకు జింక తలకాయ. ఇగ మూలకు?" స్వామి పంచాంగం మూశాడు. "వేళ్ళ కట్ట. పీకి, కట్టేసిన వేళ్ళు. పీకిన వేరు ఇల్లు నిలుపుతదా? నువ్వే చెప్పు."

తలుపు చాటున నీలమ్మ కత్తి ఆగిపోయింది. పద్దెనిమిదేళ్ళుగా మోస్తున్న నక్షత్రానికి ఇలాంటి గుర్తు ఉందని ఆమె వినడం అదే మొదలు. చేతిలోని అల్లం కొమ్మును తిప్పి చూసుకుంది. మట్టి అంటిన వేళ్ళు, ఒకదానికొకటి అతుక్కుని.

"శాంతి చేస్తే పోదా?" అన్నాడు బసవరాజు.

"సగం పోతది. పిల్లను వేరే ఇంటికి ఇస్తే మొత్తం పోతది."

రేవణసిద్ధప్ప గొంతు సవరించుకున్నాడు. "న్యాల్‌కల్ చంద్రప్పకు పిల్లల్లేరు. కబురు పంపిన. రేపు విత్తనం పెట్టినంక బండి కట్టుకొని వస్తడు. పిల్లను తీస్కపోతడు. ఇగ దీని మీద మాట లేదు."

బసవరాజు తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. ఏడుస్తున్నాడో చెమట తుడుచుకుంటున్నాడో తండ్రికి తెలియకూడదని. లోపల మనోరమకు మాత్రం అంతా వినబడింది. ఆమె ఏడుపు దాచుకోలేదు.

నీలమ్మకు ఒళ్ళు మండిపోయింది. ఆ ఇంట్లో పురుటి మైల పట్టరు. మెడలో లింగం కట్టుకున్న లింగాయతులకు మైల ఎక్కడిదంటారు. పదిహేను రోజుల కింద బసవ జయంతి పల్లకి మోసినప్పుడు ఇదే స్వామి, శివుడిని నమ్మినవాడికి మంచిఘడియ లేదు, చెడ్డఘడియ లేదు అని రోడ్డంతా వినబడేలా చెప్పాడు. మైల లేదు, ఘడియ లేదు, కులం లేదు. ఆడపిల్ల పుట్టేసరికి నక్షత్రం ఒక్కటి ఎక్కడి నుంచో దిగివచ్చింది.

ఆ సాయంత్రం సంగమ్మ స్నానాల బండ దగ్గర కాళ్ళు చాపుకుని, కాళ్ళ మీద పిల్లను బోర్లా వేసుకుని నీళ్ళు పోస్తోంది. నీలమ్మ కాగులోంచి వేడినీళ్ళు ముంచి తొణికించకుండా అందిస్తోంది. పిల్ల ఊళ్ళో ఎవరికీ భయపడనట్టు గుక్కపట్టి ఏడుస్తోంది.

"మనోరమ ఎందుకు గట్ల ఏడుస్తున్నది? పచ్చి బాలింత. పాలు ఇంకిపోతయి," అంది సంగమ్మ.

నీలమ్మ చెప్పింది. స్వామి చెప్పింది, మామ అన్నది, చంద్రప్ప బండి, అంతా. చివర, "నా లెక్కనే ఇది కూడ మూలల పుట్టింది అవ్వా. నన్ను కొట్టంల నిలబెట్టిన్రు, దీన్ని ఊరే దాటిస్తున్నరు," అంది.

సంగమ్మ చెంబు కింద పెట్టింది. "నీ లెక్కనా? నువ్వు మూలా నక్షత్రమని ఎవలన్నరే?"

"నువ్వే అంటివి గద. నా లగ్గం నాడు. అందరి ముంగట."

"నేనా?" ముసలామె గొంతులోంచి ఒక నవ్వు మొదలై సగంలో ఆగిపోయింది. "ఓ నా శివుడా! నక్షత్రాలు నాకేం ఎర్కనే? మూలల పుట్టింది అంటే మూలల. గోడ మూలల. నువ్వు పుట్టిననాడు వాన దంచుతుంటే మీ ఇల్లంత కారింది. అల్లం అర్రల ఒక్క మూల పొడిగ ఉంటే మీ అవ్వను అండ్ల పండవెట్టిన. అల్లం గోనెల నడుమ కన్నది నిన్ను. నవ్వుకుంట చెప్పిన ఆ మాట. నీ నక్షత్రం మీ అయ్యకే తెల్వది. మనకు గవన్నీ లేవని ఆయన రాయించనే లేదు."

నీలమ్మకు మొదట నవ్వే వచ్చింది. ముంత పట్టుకున్న చెయ్యి ఊగి నీళ్ళు ఒలికేంత నవ్వు. ఆ తరువాత ఆమె బండ అంచున కూర్చుండిపోయింది. పద్దెనిమిది విత్తులు కొట్టంలో నిలబడి చూసింది. తన కడుపున పుట్టిన ఇద్దరు కొడుకులను తాతకు చూపించడానికి కూడా అత్త చేతికిచ్చి పంపింది. వడ్డించిన విస్తరి ముందు మామ కూర్చునేలోపు వంటింట్లోకి తప్పుకుంది. అంతా ఒక గోడ మూల కోసం. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియక ఆమె తన మోకాలినే పిడికిలితో రెండు దెబ్బలు కొట్టుకుంది.

"ఉండు, ఇప్పుడే పోయి ఆ ముసలోనికి చెప్తా," అని సంగమ్మ పిల్లను తువ్వాలులో చుట్టి లేవబోయింది.

నీలమ్మ ఆమె కొంగు పట్టుకుంది.

"ఆగు అవ్వా."

"ఎందుకే? నీ దోషం పోతదే పిచ్చిదానా. రేపు నువ్వే ముందుగాల విత్తనం పెట్టొచ్చు."

అది నిజమే. రేపు పొద్దున తలెత్తుకుని మడి దాకా నడవొచ్చు. కానీ నీలమ్మ కళ్ళు పిల్ల మీద ఉన్నాయి. తన సంగతి తేలిపోతే పిల్ల సంగతి ఏమిటి? మూలా నక్షత్రపు ఆడది ఇంట్లో ఉన్నా ఇల్లు నిలబడుతుందని చెప్పడానికి ఈ ఇంట్లో ఉన్న సాక్ష్యం ఒక్కటే, తానే. పద్దెనిమిదేళ్ళుగా మామ గుండ్రాయిలా ఉన్నాడు. ఆ తాను కూడా మూల కాదని తేలితే, "అందుకే ఏం కాలేదు చూసిన్రా," అంటాడు స్వామి. పిల్ల రేపే బండెక్కుతుంది.

"చెప్పకు అవ్వా. నా మీద ఒట్టు," అంది. "నేను మూలనే. రేపు ఒక్కదినమన్న నేను మూలనే కావాలె."

వెనక అలికిడైంది. మహాదేవమ్మ కాగు దగ్గర చెంబు ముంచుకుంటోంది. ఎప్పుడు వచ్చిందో, ఎంత విన్నదో. కళ్ళకు పొరలు కమ్మిన మనిషి, గోడ పట్టుకుని మెల్లగా లోపలికి పోయింది.

బేస్తవారం పొద్దున మడులన్నీ తెల్లవారక ముందే తడిపి ఉంచారు. నిరుడు కొన్న ఆయిల్ ఇంజను బావి దగ్గర టకటకమంటోంది. మొదటి మడి మొదట్లో పసుపు, కుంకుమ, విభూతి, కొబ్బరికాయ. స్వామి, రేవణసిద్ధప్ప, బసవరాజు, నీలమ్మ భర్త శివరాజు, పదిమంది కూలి ఆడవాళ్ళు. చంద్రప్ప ఎప్పుడో వస్తాడనుకుంటే పొద్దున్నే వచ్చి గట్టు మీద బండి ఆపుకుని కూర్చున్నాడు. బండిలో మెత్తగా గడ్డి పరిచి, పైన కొత్త దుప్పటి వేశాడు. పాపం, అతని ఆశ అతనిది.

నీలమ్మ కొట్టంలో నిలబడలేదు. మనోరమ మంచం దగ్గరికి పోయి చేతులు చాచింది. మనోరమ లేచి కూర్చుంది. "తీస్కపో అక్కా. మళ్ళ నా చేతికే తెచ్చియ్యి," అని పిల్లను ఇచ్చేసింది. ఒక చంకన పిల్ల, నెత్తిన విత్తనపు గంప. నీలమ్మ గట్టు మీదుగా నడిచి వస్తుంటే కూలి ఆడవాళ్ళ మాటలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. వెనకే సంగమ్మ, ఆమె భుజం పట్టుకుని మహాదేవమ్మ.

రేవణసిద్ధప్ప చూశాడు. అలవాటుగా మొహం తిప్పుకున్నాడు.

"మామా, ఇటు చూడున్రి," అంది నీలమ్మ.

ఆమె గొంతు ఎలా ఉంటుందో అంత దగ్గరగా ఆయన ఎన్నడూ వినలేదు.

"శివరాజూ, నీ పెండ్లాన్ని అవతలికి తీస్కపో," అన్నాడు బావివైపు చూస్తూనే. శివరాజు నెత్తి మీది తలపాగా విప్పి మళ్ళీ చుట్టుకున్నాడు. కదల్లేదు.

"నేను మూలల పుట్టినదాన్ని. మామను మింగుతనన్నరు. పద్దెనిమిదేండ్ల సంది మింగుతనే ఉన్న, మీరు గొంతు దిగుతలేరు మామా. ఇంకెన్నేండ్లు పడతది?"

కూలి ఆడవాళ్ళలో ఒకామె కిసుక్కుమని నవ్వి కొంగు నోట్లో కుక్కుకుంది.

"శాంతులు చేసినం గనక..." అన్నాడు స్వామి.

"ఏం శాంతి చేసిన్రు స్వామీ? నన్ను ఎడ్ల నడుమ నిలబెట్టుడే శాంతా?" నీలమ్మ గంప దించి, పిల్లను భుజాన వేసుకుని, గంపలోంచి ఒక ముక్క తీసి చూపించింది. "పీకిన వేరు ఇల్లు నిలుపుతదా అని అడిగితిరి నిన్న. ఇదేంది స్వామీ? పీకిన వేరు కాదా? మూల కార్తెలనే మొదలువెట్టి పీకినం. మట్టిల కప్పెట్టినం. అయిదు నెలలకు కన్ను తెరిచింది. ఈ ఇంటోళ్ళు తినే జొన్నరొట్టె, కట్టే బట్ట, ఆ ఇంజను, అన్నీ పీకిన వేరు మీదనే నిలబడ్డయి."

బసవరాజు మెడ చాచి, నీలమ్మ భుజం మీది బట్టలోకి చూడాలో వద్దో తెలియక తిప్పలు పడుతున్నాడు.

"మూలకు పేరు పెడితే ఏ అక్షరాలొస్తయి స్వామీ?" అని అడిగింది నీలమ్మ.

స్వామికి అది నోటికి వచ్చిన పాఠం. "యే, యో, బా, బీ."

"బా అంటే బసవన్న బా. ఆ పేరు పల్లకిల ఊరేగితే ఎవలూ మొగం తిప్పుకోకపాయె. మా మరిది పేరే బసవరాజు. దినాం ఇంట్ల మూలను పేరువెట్టి పిలుస్తున్నం. ఏం మునిగింది?"

స్వామి మొహం ఎర్రబడింది. "అక్షరం లెక్క వేరు, పుట్టుక లెక్క వేరు. అక్షరమే చూస్తే నీ పేరు నీలమ్మ. నా, నీ, నూ, నే, అనూరాధకు పోతది. నువ్వు మూలకే రావు..." అని ఆగాడు. కళ్ళు చిన్నవి చేసి ఆమెను చూశాడు. "అవును గని, నీ జాతకం నేను చూడనే లేదు. నీది మూల అని చెప్పింది ఎవరు?"

నీలమ్మ పిల్లను ఇంకో భుజానికి మార్చుకుంది. అందరి చూపులూ మెల్లగా సంగమ్మ వైపు తిరిగాయి.

ముసలి మంత్రసాని ముందుకు వచ్చింది. నడుముకు చెయ్యి ఆనించుకుని స్వామి కళ్ళలోకి చూసింది.

"నేనే చెప్పిన. ఈ చేతులతోనే తీసిన. లింగం మీద చెయ్యివెట్టి చెప్తున్న, మా నీలమ్మ మూలల పుట్టింది."

అందులో అబద్ధం ఎక్కడుంది? పద్దెనిమిదేళ్ళ కింద నీలమ్మను కొట్టంలోకి తోసిన ఆ మాటే, ఒక్క అక్షరం కూడా మారకుండా, ఇవాళ ఆమె పక్కన వచ్చి నిలబడింది.

కొబ్బరికాయ కొట్టారు. ఎవరు కొట్టమన్నారో ఎవరికీ తెలియదు, ఏదో ఒకటి చెయ్యాలి గనక శివరాజు కొట్టేశాడు. మొదటి ముక్క పెట్టడానికి ఏటా లాగే మహాదేవమ్మను పిలిచారు. ఆమె మడి దగ్గర కూర్చుని, ముక్కను వేళ్ళతో తడిమి, తల అడ్డంగా ఊపింది.

"నాకు కన్ను కనబడ్తలేదు. ఆరేండ్ల సంది కనబడ్తలేదు. నేను తలకిందులు పెట్టుడు, మాపటికి నీలమ్మ వచ్చి తిప్పి పెట్టుడు. నాకు ఎర్క లేదనుకుంటది," అంది. తరువాత మొగుడి వైపు, అంటే ఆయన గొంతు వచ్చే వైపు, మొహం తిప్పింది. "ఆరేండ్ల సంది మన మొదటి విత్తనం ఆ చెయ్యిదే. పంట తక్కువైందా? నీకేమన్న అయిందా?"

రేవణసిద్ధప్ప మీసం చివర నోట్లోకి లాక్కుని నమిలాడు. చాలాసేపటికి ఆయన మెడ ఇటు తిరిగింది. ముందు కోడలి కాళ్ళు చూశాడు, తరువాత గంప చూశాడు, చివరకు మొహం చూశాడు. ఎండ సూటిగా ఆ మొహం మీదే పడుతోంది. భూమి బద్దలు కాలేదు, ఆయన పడిపోలేదు.

"చంద్రప్పా," అని గట్టు వైపు పిలిచాడు. "విత్తనమైనంక తిని పో. బండి ఒట్టిగ తిరిగి పోతది."

ఒట్టిగ అన్న ఆ మాట కోసమే నీలమ్మ నిలబడి ఉంది. పిల్లతో సహా మడి గట్టున కూర్చుంది. బసవరాజు ఒక్క అంగలో వచ్చి, చేతులు పంచెకు తుడుచుకుని, బట్ట తొలగించి కూతురి మొహం చూశాడు. "వదినే, దీని ముక్కు నాదే," అని అందరి ముందూ భోరున ఏడ్చాడు. గట్టు మీద చంద్రప్ప కొత్త దుప్పటి మడతపెట్టాడు. తరువాత దాన్నే తెచ్చి పిల్ల కింద పరచమని ఇచ్చాడు. నీలమ్మ ముక్కను కన్ను పైకి ఉండేలా మడిలో పెట్టి, మట్టి కప్పి, అరచేత్తో ఒత్తింది.

పొద్దు వాలేసరికి విత్తు అయిపోయింది. పిల్లను తల్లి పక్కన పడుకోబెట్టి వచ్చి, నీలమ్మ కాగు దగ్గర గోళ్ళలోని మట్టి కడుక్కుంటోంది. అల్లం ఘాటుకు వేళ్ళు మండుతున్నాయి. సంగమ్మ ఊరికి పోవడానికి మూట కట్టుకుని వచ్చి పక్కన నిలబడింది.

"పిల్ల నిలబడ్డది గద. ఇగనన్న చెప్తా. నీకెందుకే ఈ లేని మూల?"

నీలమ్మ తల అడ్డంగా ఊపింది. "వద్దవ్వా. రేపు పెద్దగైనంక ఎవలో ఒకలు దాన్ని అంటరు. అననీకుంట మనం ఎన్ని నోర్లు మూస్తం? అప్పుడది ఇంటికొచ్చి, మూలల పుట్టింది నేనొక్కదాన్నేనా అని అడుగుతది."

లోపల గోడ పట్టుకుని నడుస్తున్న మహాదేవమ్మ గడప దగ్గర ఆగింది.

"నా కండ్లే పోయినయి, చెవులు పోలే," అంది. "నిన్ననే అంత ఇన్న. ఫికర్ చెయ్యకు, నేను చెప్ప." గడప దాటి వచ్చి, "అది అడిగిననాడు నువ్వొక్కదానివి చాలవు. నేను కూడ మూలనే అని చెప్పు," అంది.